ఎవరి గుండె ‘నార్మల్’?

మాది వేదాద్రి. వేదాల కొండ అని అర్థం. కృష్ణ ఒడ్డున నరసింహస్వామి గుడి ఉంది. జనం ఏట్లో మునుగుతారు, మొక్కు చెల్లించుకుంటారు, పోతారు. ఆ వేదాలు ఏం చెప్పాయో మాకు తెలీదు. వినే హక్కు మాకెవరిచ్చారు గనక? వేదం చెవిన పడితే శూద్రుడి చెవుల్లో సీసం, లక్క కరిగించి పొయ్యమని గౌతమ ధర్మసూత్రం రాసిపెట్టింది. శూద్రుడికే అట్లా ఉంటే, ఊరవతలున్న మా గూడెం సంగతి వేరే చెప్పాలా!

ఈ పక్షం మేం రాస్తున్నది గుడి గురించి కాదు. ఇంకో శబ్దం గురించి. ఆ శబ్దం ఏ కులపోడి చెవికీ వినపడదు. మనిషి చెవి సెకనుకి 20 వేల కంపనాల దాకా పట్టగలదు. పెద్దవాళ్ల గుండెని చూసే ఎకో యంత్రం పంపే శబ్దం సెకనుకి 20 లక్షల కంపనాలు దాటి ఉంటుంది. అది చర్మం దాటి, పక్కటెముకల సందులోంచి పోయి, గుండె గోడకి తగిలి, తిరిగొస్తుంది. ఎంత సేపట్లో తిరిగొచ్చిందో లెక్కేసి యంత్రం బొమ్మ గీస్తుంది. వేదం లాగా కాదు, ఇది అందరి గుండెలోకీ ఒకేలా పోతుంది. శబ్దానికి కులం లేదు. నిజమే. మరి ఆ శబ్దం తెచ్చిన లెక్కని ఎవరి లెక్క పక్కన పెట్టి చూస్తున్నారు? మా పేచీ అక్కడే.

మా గూడెంలో ఒక అక్క ఉంది. మిరపకోతలకీ పత్తితీతకీ పోతుంది. వయసు నలభై లోపు. ఎత్తు 146 సెంటీమీటర్లు, బరువు 38 కిలోలు. మన మెట్ట కూలి ఆడవాళ్లలో ఆ ఒళ్లు వింతేం కాదు. ఒక కోతల కాలంలో ఆమెకి ఆయాసం మొదలైంది. తట్ట నెత్తిన పెట్టుకుని నాలుగడుగులేస్తే గుండె దడ. రాత్రి పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చునేది. గ్యాసన్నారు, మాత్రలు మింగింది. నీరసమన్నారు, సెలైన్ ఎక్కించుకుంది. చివరికి అప్పు చేసి, బస్సెక్కి, పట్నం పోయి ‘టూడీ ఎకో’ తీయించుకుంది.

రిపోర్టు చేతికిచ్చి చెప్పారంట: “ఏం లేదమ్మా, గుండె నార్మల్‌గానే ఉంది. భయపడకు.”

ఆమె అడిగింది: “నార్మలంటే పనికి పొమ్మనా బాబూ?”

“పోవచ్చు” అన్నారు.

పోయింది. ఐదు నెలలు పోయింది. ఆయాసం ఎక్కువైంది. కాళ్లు వాచాయి. అప్పుడు ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. ఆయన పాత రిపోర్టు చూశాడు. చూసి, గోడ పక్కన నిలబెట్టి ఆమె ఎత్తు కొలిచాడు. బరువు తూచాడు. బీపీ చూశాడు, 160 మీద 100. రక్తం చూపించమన్నాడు, హిమోగ్లోబిన్ 7. ఆడమనిషికి 12 ఉండాలి. తర్వాత కాగితం మీద నాలుగు లెక్కలు వేసి అన్నాడు: “ఈ గుండె ఈమెకి చాలా పెద్దదయ్యా. అప్పుడే చూసుండాల్సింది.”

ఒకటే గుండె. ఒకటే రిపోర్టు. ఒకరికి నార్మల్, ఇంకొకరికి జబ్బు. ఆ మొదటి ఆసుపత్రి పేరు మేం రాయం. అక్కడి డాక్టరు కావాలని చేశాడనీ అనం. ఆయన ఆమెని ముట్టుకున్నాడు, జెల్ రాశాడు, శ్రద్ధగానే కొలిచాడు. 1929లో కాఠియావాడ్‌లో జరిగిన సంగతి అంబేద్కర్ తన జ్ఞాపకాల్లో రాశారు. ఒక అస్పృశ్య బడిపంతులి బాలింత భార్యని ముట్టుకోనన్న డాక్టరు థర్మామీటర్ని ఒక ముస్లిం చేతికిచ్చి, అతని చేత భర్తకి ఇప్పించాడు. ఆమె చనిపోయింది. అప్పటి అంటు కంటికి కనపడేది. ఇప్పటిది పట్టికల్లో కూర్చుంది, కనపడదు. అందుకే విప్పి చూడాలి.

*లెక్క ఇదీ*

ఎకో రిపోర్టులో చాలా అంకెలుంటాయి. మనవాళ్లు చివర్న ఉన్న ఒక్క ముక్క చదివించుకుని మడిచి సంచిలో పెట్టుకుంటారు. ముఖ్యమైన అంకెలేంటో చెప్తాం, రాసిపెట్టుకోండి.

గుండెలో నాలుగు గదులు. ఎడమ కింది గది ఒళ్లంతటికీ రక్తం తోసేది. అది నిండుగా ఉన్నప్పుడు అడ్డం కొలిస్తే మగవాళ్లకి 42 నుంచి 58 మిల్లీమీటర్లు, ఆడవాళ్లకి 38 నుంచి 52 దాకా ఉండొచ్చు. రెండు కింది గదుల మధ్య గోడ మందం మగవాళ్లకి 6 నుంచి 10, ఆడవాళ్లకి 6 నుంచి 9 మిల్లీమీటర్లు. నిండిన రక్తంలో ఒక్క దెబ్బకి ఎంత తోస్తుందన్నది ఎజెక్షన్ ఫ్రాక్షన్. మగవాళ్లకి నూటికి 52 నుంచి 72, ఆడవాళ్లకి 54 నుంచి 74. నూటికి నూరు తోసే గుండె లోకంలో లేదు. 60 వచ్చిందంటే నలభై పోయిందని ఏడవకండి. ఎడమ కింది గది కండ బరువు కూడా ఈ కొలతల నుంచే లెక్క కడతారు. మగవాళ్లకి 224 గ్రాముల దాకా, ఆడవాళ్లకి 162 గ్రాముల దాకా సరి.

ఇవి 2015లో అమెరికా, యూరప్ ఎకో సంఘాలు కలిసి వేసిన పట్టికలోవి. మన దగ్గరా వాటినే చూస్తారు. యంత్రాల్లోనూ అలాంటి పట్టికలే ఎక్కించి ఉంటాయి.

ఇప్పుడు మా అక్క రిపోర్టు చూడండి. కింది గది అడ్డం 50. హద్దు 52, లోపలే. గోడలు 9. హద్దు 9, లోపలే. ఎజెక్షన్ ఫ్రాక్షన్ 55. హద్దు 54, పైనే. కండ బరువు 158 గ్రాములు. హద్దు 162, లోపలే. నాలుక్కి నాలుగూ పాసు. అందుకే నార్మల్.

కానీ అదే పట్టికలో పక్కన ఇంకో వరస ఉంది. గుండె ఒక్కటే ఎంతుందని కాదు, ఆ ఒంటికి ఎంతుందని చూడమంటుంది ఆ వరస. ఎత్తునీ బరువునీ గుణించి, 3600తో భాగించి, వర్గమూలం తీస్తే ఒంటి వైశాల్యం వస్తుంది, చదరపు మీటర్లలో. మా అక్కకి 146ని 38తో గుణిస్తే 5548. భాగించి మూలం తీస్తే 1.24. గుండె బరువు 158ని 1.24తో భాగిస్తే 127. ఆడవాళ్లకి హద్దు ఎంతో తెలుసా? 95! 122 దాటితే ‘తీవ్రం’ అని అదే పట్టిక చెప్తుంది. అంటే ఒక వరసలో నార్మల్, పక్క వరసలో తీవ్రం. కాగితం ఒకటే, మనిషి ఒకటే.

అదే 158 గ్రాముల గుండె 168 సెంటీమీటర్ల ఎత్తు, 70 కిలోల బరువున్న ఆవిడ ఒంట్లో ఉందనుకోండి. ఆమె వైశాల్యం 1.81. భాగిస్తే 87. సుబ్బరంగా నార్మల్. ఆ ఆవిడ మీద మాకు కోపమేం లేదు. ఆమె గుండె చల్లగా ఉండాలి. ఆమె కొలతతో మా అక్కని కొలవొద్దనే మేం అంటున్నది. ఇంటాయన చొక్కా పాలేరు పిల్లాడికి తొడిగి ‘వదులుగా ఉంది, బాగానే పట్టింది’ అన్నట్టుంది ఇది.

ఒక తిరకాసు ఉంది, దాచం. మనిషి తిండిలేక చిక్కిపోతే బరువు తగ్గుతుంది. బరువు తగ్గితే వైశాల్యం తగ్గుతుంది. కింద భాగించే అంకె తగ్గితే పైన ఫలితం పెరిగినట్టు కనిపిస్తుంది. ‘అందుకే పెద్దగా వచ్చింది, గుండెకేం కాలేదు’ అనొచ్చు ఎవరైనా. సరే, బరువు తీసేద్దాం. ఎత్తు ఒక్కదానితోనే చూసే లెక్క కూడా ఉంది. ఎత్తుని మీటర్లలో తీసుకుని, దాన్ని 2.7 ఘాతానికి పెంచి, దానితో భాగిస్తారు. ఆ లెక్కన మా అక్కకి 57 వచ్చింది. ఆడవాళ్లకి హద్దు 44. ఎటు తిప్పి చూసినా పెరిగిన గుండే. చూడాలన్న ఆలోచన ఉంటే రెండు నిమిషాల పని. అది చెయ్యాలంటే ముందు ఆమె ఎత్తూ బరువూ ఆ కాగితం మీద ఉండాలి. ఆ రెండు గళ్లూ ఖాళీగా ఉన్నాయి.

ఆ ఖాళీ గళ్ల గురించే ఈ వ్యాసం.

*‘నార్మల్’ ఎక్కడ పుట్టింది?*

నార్మల్ అనే మాటకి మూలం లాటిన్ భాషలో ‘నోర్మా’. అంటే వడ్రంగి మూలమట్టం. పనివాడి చేతిలో ఉండే పరికరం! కొయ్య సరిగ్గా మూలకి వచ్చిందా లేదా చూసేది. ఇప్పుడది పనివాణ్ణే కొలుస్తోంది.

వైద్యంలో నార్మల్ ఎలా తేలుస్తారు? జబ్బులేని మనుషుల్ని కొన్ని వందల మందిని తెచ్చి కొలుస్తారు. సగటు తీస్తారు. నూటికి 95 మంది పడే మేర గీత గీస్తారు. అటు చివరా ఇటు చివరా మిగిలిన ఐదుగురూ ఆరోగ్యవంతులే, కానీ గీత బయట పడతారు. ఇది మోసం కాదు, పద్ధతి. కానీ తెచ్చిన ఆ వందల మంది ఎవరు? ఈ ప్రశ్న అడిగితే పద్ధతి వెనక ఉన్న మనుషులు కనిపిస్తారు.

ఒంటి వైశాల్యానికి చాలాకాలం వాడిన డుబాయ్ సూత్రం సంగతి వినండి. 1916లో అమెరికాలో తొమ్మిదంటే తొమ్మిది మంది ఒళ్లు కొలిచి తయారు చేశారు. ఆ తొమ్మిది మంది ఒళ్ల మీద లోకంలో ఉన్న జనమంతా లెక్కకొచ్చారు. ఎకో పట్టికలూ చాలాకాలం తెల్లవాళ్ల మీద తీసిన కొలతలతోనే నడిచాయి. ఈ సంగతి వాళ్లకే తట్టింది. ప్రపంచ ఎకో సంఘాలన్నీ కలిసి 15 దేశాల్లో 2,008 మంది ఆరోగ్యవంతుల గుండెల్ని ఒకే పద్ధతిలో కొలిచాయి. మన దేశం కూడా అందులో ఉంది. 2019లో ఫలితాలు అచ్చయ్యాయి. ఎడమ కింది గది పరిమాణం అందరికంటే పెద్దది ఆస్ట్రేలియా వాళ్లకి. అందరికంటే చిన్నది ఇండియా వాళ్లకి. ఆడా మగా ఇద్దరిలోనూ అంతే. ఒంటి వైశాల్యంతో భాగించి చూసినా దేశాల మధ్య తేడా పూర్తిగా పోలేదు.

అంటే పెద్ద డాక్టర్ల మాట ప్రకారమే పరాయి పట్టిక మనకి వదులు చొక్కా. మనవాళ్ల గుండె పెరిగినా పరాయి హద్దులోపలే ఉండిపోవచ్చు. మా అక్కకి జరిగింది ఇదే.

‘అయితే ఇండియా పట్టిక తెచ్చుకుంటే సరిపోతుంది గదా’ అంటారు. మంచిదే, తెచ్చుకోవాలి. కానీ మేం ఇంకో ప్రశ్న వేస్తాం. ఏ ఇండియా? ఎకో యంత్రం ఎక్కడుంటుందో ఆరోగ్యవంతుల్ని అక్కడికే రమ్మంటారు. అంటే పట్నం. రాగలిగింది ఎవరు? రోజు కూలి పోయినా పర్లేదనుకున్నవాళ్లు. మిరపచేలోంచి, సున్నపురాయి క్వారీలోంచి, సిమెంటు లోడింగులోంచి ‘నాకేం జబ్బు లేదు, నా గుండె కొలుచుకోండి’ అని బస్సెక్కి ఎవడు పోతాడు? జబ్బొస్తేనే పోలేని జనం మేం. మా గుండె జబ్బు లెక్కలోకి వస్తుందేమో గానీ, మా ఆరోగ్యం లెక్కలోకి రాదు.

*మా గుండె వేరు అని మేం అనడం లేదు*

ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. ఈ మాట వినగానే ఒకడు లేచి ‘చూశారా, వీళ్ల రక్తమే వేరు’ అంటాడు. ఆ ఆట మనం ఎరుగుదుం. తెల్లదొరల కాలంలో రిస్లే అనే అధికారి ముక్కులు కొలిచి కులాలకి వరస కట్టాడు. ముక్కు వెడల్పయితే తక్కువ కులమట! మన మద్రాసు రాష్ట్రంలో మ్యూజియం అధికారి థర్స్టన్ కూడా కొలబద్ద పట్టుకుని తలలూ ముక్కులూ కొలుస్తూ తిరిగాడు. 1909లో ఏడు సంపుటాలు అచ్చేశాడు. అంబేద్కర్ ఏం చేశారు? కొలతలు అబద్ధమని పారేయలేదు. ఆ కొలతల్నే చేతిలోకి తీసుకుని, 1948లో వచ్చిన ‘అస్పృశ్యులు’ పుస్తకంలో వాదించారు: ఈ అంకెల ప్రకారమే చూసినా బ్రాహ్మణుడూ అస్పృశ్యుడూ ఒకే జాతి అని. దొరల గజంతోనే దొరల అబద్ధాన్ని కొలిచారు. మనకి దారి అదే.

కాబట్టి మేం అంటున్నది ఇది. దళిత గుండె అని వేరే గుండె లేదు. మూడు తరాలు కడుపునిండా తిని పెరిగితే మా పిల్లల ఎత్తూ పెరుగుతుంది, గుండె కొలతా మారుతుంది. తేడా రక్తంలో లేదు. గింజలో ఉంది, నీళ్లలో ఉంది, ఇంటి కప్పు కింద ఎంతమంది పడుకుంటారన్న దానిలో ఉంది, పద్నాలుగేళ్లకే ఎత్తిన బరువులో ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. రక్తం పలచబడితే గుండె ఎక్కువసార్లు, ఎక్కువ మోతాదులో తోయాలి. ఏళ్ల తరబడి అట్లా తోస్తే గది సాగుతుంది. పైన బీపీ కూడా ఉంటే గోడ మందమవుతుంది. మా అక్క గుండెలో ఉన్నది ఈ చరిత్రే.

దీంట్లో ఇంకో గుంట ఉంది. ఆకలితో గిడసబారిన జనాన్ని తెచ్చి, కొలిచి, సగటు తీసి, ‘ఇదే వీళ్ల నార్మల్’ అని రాస్తే? అప్పుడు ఆకలే నార్మలయి కూర్చుంటుంది. అది ఇంకా పెద్ద మోసం. కూలీకి గంజే తిండి అని ఊరు అనుకున్నట్టు, కూలీకి చిన్న గుండే గుండె అని శాస్త్రం అనుకుంటుంది. మాకు రెండూ వద్దు. పరాయి కొలతతో మా జబ్బు దాచొద్దు. మా లేమిని మా కొలతగా రాయొద్దు. మా ఒంటికి తగ్గ లెక్క ఇప్పుడు కావాలి, మా ఒంటికి తగ్గ తిండి కూడా ఇప్పుడే కావాలి.

*పరిగెత్తే వాడి గుండె, మోసే వాడి గుండె*

ఎటూ లెక్క వచ్చింది గనక రెండోవైపు కూడా చెప్పాలి. గుండె పెరగడం ప్రతిసారీ జబ్బు కాదు. 1899లో స్వీడన్‌లో హెన్షన్ అనే డాక్టరు మంచుమీద జారే పందెగాళ్ల ఛాతీల్ని వేళ్లతో తట్టి చూసి, వాళ్ల గుండెలు పెద్దవిగా ఉన్నాయని కనిపెట్టాడు. కసరత్తుతో పెరిగిన కండ అది. అప్పటినుంచి ‘క్రీడాకారుడి గుండె’ అని ఒక పేరు వచ్చింది, దాని మీద పుస్తకాలకి పుస్తకాలు వచ్చాయి. క్రికెటర్ గుండె కాస్త పెద్దదొస్తే డాక్టరు ఆగి ఆలోచిస్తాడు: ఇది జబ్బా, సాధనా?

మన జగ్గయ్యపేట చుట్టుపట్ల సిమెంటు బస్తాలెత్తే హమాలీ ఉన్నాడు. బస్తా 50 కిలోలు. పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా ఎన్ని ఎత్తుతాడో వాడికే లెక్కుండదు. వాడిది సాధన కాదా? వాడి గుండె హద్దు దాటితే ఆగి ఆలోచించే వాడెవడు? క్రీడాకారుడి గుండెకి అధ్యాయం ఉంది, కూలివాడి గుండెకి లేదు. ‘గుండె పెద్దది, పనికి పనికిరావు’ అని రాస్తే వాడి నోటికాడ కూడు పోయినట్టే. అట్లాగని బరువులెత్తిన గుండె ఎప్పుడూ బలమైందేనని మేం గొప్పలు పోం. దుమ్ము, బీపీ, సారా, ఎండ, నిద్రలేమి, ఇవన్నీ కూడా వాడి గుండెలో ఉంటాయి. పెరిగింది బలంతోనా జబ్బుతోనా అని తేల్చాలంటే డాక్టరు ఒక మాట అడగాలి: ‘నువ్వు ఏం పని చేస్తావు, ఎన్నేళ్ల నుంచి, ఎంత బరువు?’ ఆ గడిలో ‘కూలి’ అని రెండక్షరాలు రాసి ఊరుకుంటే సరిపోదు.

*ఈ యంత్రం పుట్టిందే పేదోడి జబ్బు కోసం*

ఎకో యంత్రం పుట్టుక మనవాళ్లు తెలుసుకోవాలి. 1953లో స్వీడన్‌లోని లుండ్ పట్నంలో ఎడ్లర్ అనే డాక్టరు, హెర్ట్జ్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు కలిసి గుండె మీద మొదటిసారి ఈ శబ్దం ప్రయోగించారు. ఓడల కార్ఖానాలో ఇనుములో పగుళ్లు పట్టడానికి వాడే పరికరం అది. కార్మికులు ఇనుము చూసే పరికరంతో గుండెని చూశారు. ఎడ్లర్‌కి ఎందుకు కావాల్సొచ్చింది? గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండే మైట్రల్ కవాటం బిగుసుకుపోయిన రోగుల్లో ఎవరికి ఆపరేషన్ చెయ్యాలో తేల్చుకోవడానికి.

ఆ కవాటం ఎందుకు బిగుస్తుంది? చిన్నప్పుడు గొంతునొప్పి వస్తుంది. ఇరుకింట్లో ఒకరి నుంచి ఒకరికి అంటుతుంది. మందు పడకపోతే కొందరికి కీళ్లవాతం జ్వరం వస్తుంది. కీళ్లనొప్పులు పోతాయి గానీ కవాటం మీద మచ్చ మిగులుతుంది. సరైన కవాటం తెరుచుకుంటే 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు. ఒకటిన్నరకి దిగిందంటే తీవ్రం. చాలామంది ఆడపిల్లలకి ఈ సంగతి కాన్పు నాడు ఆయాసంతోనే తెలుస్తుంది. ధనిక దేశాల్లో ఈ జబ్బు దాదాపు పోయింది. యంత్రం వాళ్ల దగ్గర పుట్టింది, జబ్బు మా దగ్గర మిగిలింది.

స్టెతస్కోపుకి దొరకని మచ్చ ఎకోకి దొరుకుతుంది. 2007లో కంబోడియా, మొజాంబిక్ బడిపిల్లల మీద చేసిన పరీక్ష చూడండి. స్టెతస్కోపుతో చూస్తే వెయ్యికి ఇద్దరు ముగ్గురు పిల్లలు తేలారు. ఎకోతో చూస్తే కంబోడియాలో వెయ్యికి 21, మొజాంబిక్‌లో 30 మంది. పదింతలు! ముందే దొరికితే మూడు నాలుగు వారాలకొక పెన్సిలిన్ ఇంజక్షన్‌తో జబ్బు ముదరకుండా ఆపొచ్చు. అది పాత మందు, చౌక మందు. మన సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో, మన గూడేల బడుల్లో ఎంతమంది పిల్లల గుండెల మీద ఈ యంత్రం పెట్టారు? ఆరోగ్యశ్రీ 2007లో వచ్చింది, పెద్ద ఆపరేషన్లకి డబ్బు ఇచ్చింది. మేలే. కానీ కవాటం పాడయ్యాక లక్షలు పొయ్యడానికి ఉన్న ఉత్సాహం, పాడవక ముందు గొంతునొప్పి చూడడానికి లేదు.

*మేం అడిగేది*

‘అన్నింట్లోకీ కులం తెస్తారేంటి?’ అని కొందరు మిత్రులు విసుక్కుంటారు. అయ్యా, మేం తేలేదు. పట్టికలో ఎవరున్నారు, ఎవరు లేరు అని చూశాం, అంతే. డాక్టరు మనసులో కులం ఉండక్కర్లేదు. ఎవరి ఒళ్లు కొలతగా మారుతుందో, ఎవరి ఒళ్లు ఎప్పుడూ కొలవబడేదిగానే ఉంటుందో, అందులో ఉంటుంది కులం. కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత మనం భూమి అడిగాం, రక్షణ అడిగాం, గౌరవం అడిగాం. మన ఒంటి లెక్క అడగడం కూడా ఆ గౌరవంలో భాగమే.

కాబట్టి మా డిమాండ్లు ఇవీ:

ఒకటి. ప్రతి ఎకో రిపోర్టు మీద మనిషి ఎత్తు, బరువు, బీపీ రాయాలి. అవి రాయని రిపోర్టు మీద ‘నార్మల్’ అని రాయకూడదు.

రెండు. కొలత పక్కనే ఒంటికి భాగించిన కొలత రాయాలి. మరీ చిక్కిన మనిషికి ఎత్తుతో లెక్క కూడా చూడాలి. ఏ పట్టికతో పోల్చారో కింద రాయాలి.

మూడు. రిపోర్టు సారం తెలుగులో నాలుగు ముక్కలు రాసి రోగి చేతికివ్వాలి.

నాలుగు. జగ్గయ్యపేట, నందిగామ ప్రభుత్వాసుపత్రుల్లో వారానికొక ఖాయమైన రోజు ఎకో తియ్యాలి. బస్సు చార్జీకి అప్పు చేసే గతి మాకు పట్టకూడదు.

ఐదు. హాస్టళ్లలో, గూడేల బడుల్లో పిల్లలకి ఎకో పరీక్ష పెట్టాలి. తేలిన పిల్లలకి పెన్సిలిన్ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే దొరకాలి.

ఆరు. ఇకమీద ఎవరైనా ‘భారతీయుల నార్మల్’ తేల్చాలంటే మిరపచేలకీ, క్వారీలకీ, గూడేలకీ యంత్రం తీసుకుని రావాలి. ఆ రోజు కూలి కట్టివ్వాలి. ఒప్పుకున్నవాళ్లనే కొలవాలి. ఏం తేలిందో తిరిగొచ్చి మాకు చెప్పాలి. ముక్కులు కొలిచి పోయినట్టు పోతే ఒప్పుకోం.

ఏడు. ఒక్క అంకె పట్టుకుని హమాలీని పనిలోంచి తియ్యకూడదు.

ఇవన్నీ జరిగేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలా? అక్కర్లేదు. చదువుకున్న పిల్లలకి ఒక మాట. మీ అమ్మ ఎకో రిపోర్టు సంచిలోంచి తియ్యండి. ఎత్తు, బరువు గుణించండి, 3600తో భాగించండి, మూలం తియ్యండి. గుండె కండ బరువుని దాంతో భాగించండి. అమ్మకి 95, నాన్నకి 115 దాటితే రిపోర్టు పట్టుకుని డాక్టరు దగ్గరికి పొండి. పోట్లాటకి కాదు, అడగడానికి. మీరు డాక్టరు కాదు, ఆ లెక్కతో మందులు మానొద్దు, కొత్తవి మింగొద్దు. కానీ అడిగే హక్కు మీకుంది. అడిగినవాడికి జవాబు చెప్పే బాధ్యత వాళ్లకుంది.

మా అక్క ఇప్పుడు బీపీ మందులు వాడుతోంది. ఐరన్ మాత్రలు మింగుతోంది. వాపు తగ్గింది. రాత్రి పడుకోగలుగుతోంది. కోతలకి పోవడం లేదు, ఇంటి దగ్గర మిరపకాయ తొడిమలు తీస్తోంది. ఐదు నెలలు ముందే ఎవరైనా ఆమెని గోడ పక్కన నిలబెట్టి ఎత్తు కొలిచుంటే బాగుండేది. మళ్లీ పరీక్షకి పోయినప్పుడు ఆమే ముందుగా చెప్తుందంట: “నా ఎత్తు నూట నలభై ఆరండీ. రాసుకోండి.”

రాసుకోండి. మేం అడిగేది అదే.

జై భీమ్!